మందు పెట్టిందెవరు?

మా పిన్నికి నిద్ర పట్టాలంటే ఎవరో ఒకరు చావాలి. పుస్తకంలోనే లెండి, కంగారుపడకండి. లోకంలో అందరూ గోరువెచ్చటి పాలు తాగి పడుకుంటే ఆవిడ ఒక శవాన్నీ, నలుగురు అనుమానితుల్నీ, లోపల్నుంచి గడియ పెట్టిన గదినీ చదువుకుని పడుకుంటుంది. పొద్దున్నే లేచి, పళ్లు తోముకుంటూనే "వంటవాడు కాదే, మేనల్లుడు!" అని నాకు తీర్పు వినిపిస్తుంది. ఏ వంటవాడు, ఎవరి మేనల్లుడు అని నేను పొరపాటున కూడా అడగను. అడిగితే మొదట్నుంచీ చెబుతుంది.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. బట్టలు కుట్టడం, పాతవాటిని సరిచెయ్యడం ఆవిడ వృత్తి. వీధి మలుపులో ఇరుకైన గది, రెండు కుట్టుమిషన్లు, నడుమ కత్తిరింపు బల్ల, గుమ్మం పక్కనుంచి గోడ పొడుగునా ఒక ఇనపకడ్డీ, దానికి ఒత్తుగా వేలాడే కోట్లూ గౌన్లూ. రెండో మిషను నాది. కాజాలు, గుండీలు, అంచు మడతలు నా వంతు. మెడలు కోయడం, చేతులు ఊడదీయడం, నడుములు బిగించడం ఆవిడ వంతు. మా పనిలో మాటలే అంత. పైగా మేం కోటుని కోటు అనం, తెచ్చిన మనిషి పేరే దానికీ పెడతాం. జడ్జిగారు ఎక్కడ అని ఆవిడ అడిగితే, బల్లకింద పడున్నారు అని నేను చెబుతాను. ఇద్దరికీ నవ్వు కూడా రాదు.

నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం దర్జీలందరికీ వచ్చు. వాటిని పెట్టుకుని పాషాణం గురించి మాట్లాడటం మా పిన్నికొక్కదానికే వచ్చు. హత్యల కథలు చాలవన్నట్టు చరిత్రలో జరిగిన వికారాలన్నీ ఆవిడకి కావాలి. ఒకావిడ ముచ్చటపడి లేతపచ్చ గుడ్డ తెచ్చి గౌను కుట్టమంది. పిన్ని భుజం కొలత తీస్తూ, "ఒకప్పుడు ఈ రంగుకి పాషాణం కలిపేవారండీ. పాపం, అద్దే పిల్లలు చేతులు పుళ్లుపడి పోయేవారు" అంది. ఆవిడ గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. టోపీ బాగుచేయించుకోవడానికి వచ్చినాయనకి, పూర్వం టోపీలు చేసేవాళ్లు పాదరసం ఆవిరికి మతి పోగొట్టుకున్న వైనం చెప్పింది. శవపేటికకి గంట కట్టించుకున్నవాళ్ల సంగతి, అంటే బతికుండగానే పాతేస్తారేమోనని భయపడి, లేస్తే వాయించుకోవడానికి అన్నమాట, అది మాత్రం పిల్లల బట్టలకి వచ్చిన తల్లులకే చెబుతుంది. ఎందుకో నాకు తెలియదు.

ఇలాంటి మనిషికి పెళ్లి కాలేదంటే ఆశ్చర్యం ఏముంది? రెండు సంబంధాలు గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయాయి. మొదటాయన భార్య పోయినవాడు. "పోయినరోజు పొద్దున్న ఆవిడేం తిన్నారండీ?" అని అడిగింది పిన్ని. రెండో సంబంధం వాళ్లింటికి మేమే వెళ్లాం. అంతా బాగానే జరుగుతుండగా పిన్ని కిటికీలోంచి చూసి, "పెరట్లో ఆ ఒక్కచోటే కొత్త సిమెంటు ఎందుకు పోశారు?" అంది. అమ్మ ఆ రోజు దారి పొడుగునా తల కొట్టుకుంటూనే ఇంటికి వచ్చింది. నలభై దాటాక పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. పిన్ని కూడా తనకేం పట్టనట్టే ఉండేది.

పుస్తకాలు చదవడంలో ఆవిడకొక పద్ధతి ఉంది. లైబ్రరీ నుంచి నవల తేగానే చివరి అధ్యాయం కాగితాలన్నీ కలిపి కచ్చాకుట్టు వేసేస్తుంది. అదే, పని అయ్యాక లాగేసే వదులు కుట్టు. మనసు ఆగక ముందే తిప్పి చూస్తానేమోనని తనమీద తనకే భయం. హంతకుడెవరో తను తేల్చుకున్నాక, నాకు చెప్పాక, అప్పుడు దారం లాగి మిగతాది చదువుతుంది. ఎప్పుడో తప్ప పొరబడదు. పొరబడ్డ రోజున మాత్రం ఆ పుస్తకం రాసినవాడికి బుర్ర లేదంటుంది.

సరిగ్గా ఆ కుట్టే కొంప ముంచింది. లేదా కొంప నిలబెట్టింది, ఎలా అన్నా ఒకటే.

ఎదురు వరసలో మందుల షాపు కొత్తగా చేతులు మారింది. కొత్తగా వచ్చినాయన యాభైకి దగ్గరపడ్డవాడు, బట్టతల, తెల్లకోటు, నెమ్మదైన మనిషి. వీధిలో అందరూ మందులాయన అనేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన మా షాపులోకి వచ్చి చొక్కా చాపాడు.

"గుండీ ఊడిందండీ."

పిన్ని చొక్కా అందుకుని కళ్లజోడు పైకి తోసుకుంది. "ఊడలేదు, కోశారు. దారం కొసలు చూడండి, ఎంత నున్నగా ఉన్నాయో. ఊడిన గుండీకి దారం చీకి ఉంటుంది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నిజమేనండీ. నేనే కోసుకున్నాను. లోపలికి రావడానికి ఏదో ఒకటి కావాలి కదా అని." సంచిలోంచి లైబ్రరీ పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. "ఏ డిటెక్టివ్ నవల తీసినా చివరి అధ్యాయానికి కంతలుంటున్నాయి. మొదట పురుగనుకున్నాను. పురుగు ఇంత వరసగా తినదు కదండీ. ఇందులో చిన్న దారం ముక్క దొరికింది. ముదురు నీలం. మీ గుమ్మం ముందు చెత్తబుట్టలో కూడా అదే నీలం ఉంది."

"మా చెత్త వెతికారా?"

"వెతకలేదండీ. ఊరికే... కొంచెం చూశాను."

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పిన్ని చెయ్యి అప్పటికే నీలం దారపు ఉండ మీదికి పోయింది. ఆయన అది చూశాడు. ఆయన చూడటం పిన్ని చూసింది. ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. నోట్లో సూదులు బల్లంతా రాలాయి. ఏరింది నేనే.

"ఇన్నేళ్లలో నా చెత్తబుట్ట వంక చూసినవాడు లేడే" అంది ఆయన వెళ్లాక, పతకం అందుకున్నదానిలా.

అక్కడితో మొదలైంది. పూర్వం మందుల షాపుల్లో మమ్మీలని పొడికొట్టి అమ్మేవారని ఆయన చెప్పాడు. "దేనికి వాడేవారు?" అంది పిన్ని ఊపిరి బిగబట్టి. "దేనికైనా వాడేవారండీ. దేనికీ పనిచేసేది కాదు" అన్నాడాయన. ఆ మాటకి పిన్ని రోజంతా నవ్వుకుంది. బదులుగా తన శవపేటిక గంట ఆయనకి చెప్పింది. ఏదో ఒక వంకన ఆయన గుండీలు ఊడుతూనే ఉన్నాయి, పిన్నికి తలనొప్పులు వస్తూనే ఉన్నాయి. మందుల షాపుకి వెళ్లి, వెనక జనం నిలబడి ఉండగానే, "ఇది ఎంత వేస్తే మనిషి చప్పుడు లేకుండా పోతాడండీ?" అని అడిగేది. ఆయన సీసా వెలుతురుకి పట్టి చూసి, "వద్దండీ, బాగా చేదు. మొదటి గుక్కకే దొరికిపోతారు" అని శ్రద్ధగా చెప్పేవాడు. వెనక నిలబడ్డ దగ్గు మనిషి తన సీసా అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఒకరోజు కోటు చెయ్యి అతుకుతూ అతుకుతూ పిన్ని మిషను ఆపింది. "పుస్తకమైతే చివరి పేజీదాకా ఆగగలను. ఇది ఆగలేకపోతున్నానే. ఈయన నాకు కావాలి. ఈయన నాకు దక్కకపోతే ఇంకెవరితోనూ ఇలా నవ్వలేను" అంది. పిన్ని గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది, సంతోషమూ వేసింది.

అమ్మకి చెప్పే పని నామీద పడింది. తొందరలో "మందు షాపాయన" అన్నాను.

"సారా అమ్మేవాడా!" అని అమ్మ కుర్చీలో కూలబడింది.

"మందు కాదమ్మా, మందులు. జ్వరం మందులు."

"ఆ 'లు' ముందే చెప్పి చావొచ్చుగా!" అని అమ్మ మళ్లీ లేచింది. లేచి, ఆ సాయంత్రమే రాయబారం నడిపింది.

చిక్కల్లా ఆయన అక్కగారితో. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మేజోళ్లు కొనాలన్నా తమ్ముడు ఆవిణ్ని అడగాలి, కాదు, ఆవిడే కొని ఇవ్వాలి. ఆదివారం టీకి వచ్చి పిన్నిని చూస్తానని కబురు పంపింది. ఆవిడ ఊ అంటే పెళ్లి, ఊహూ అంటే లేదు.

అమ్మ పిన్నిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఒక్క పూట. ఒక్క పూట నోరు కట్టేసుకో. శవం అనకు, విషం అనకు, పాతిపెట్టడం అనకు. వాళ్లింట్లో ఎవరు ఎలా పోయారో అడగకు."

"మరేం మాట్లాడను?"

"ఎండ గురించి మాట్లాడు. నలుగురూ మాట్లాడేది అదేగా."

పిన్ని బుద్ధిగా తలూపింది. "ఈ ఎండకి శవం ఎన్నాళ్లు..."

"నోర్ముయ్!"

ఆదివారం దాకా ఎవరు ఆగారు? హాస్టల్ వార్డెన్లు తనిఖీకి చెప్పి రారు. శనివారం పొద్దున్నే అక్కగారు ఒక్కతే మా షాపుకి వచ్చింది. మేం చూసుకోలేదు. చలికాలం వెళ్లిపోయి, ఊళ్లో ఉన్ని కోట్లన్నీ బాగుచేయించి పెట్టెల్లో పెట్టుకునే రోజులవి, పిన్ని వంతు కోతలు కూడా సగం నామీద పడ్డాయి. కడ్డీకి వేలాడే కోట్ల వెనక ఏనుగు నిలబడ్డా కనబడదు. ఈ కోట్లకి పురుగు పట్టకుండా కలరా ఉండలు చిన్న గుడ్డలో మూటగట్టి లోపలి జేబులో పెట్టి ఇస్తాం. దాన్ని మేం మందు పెట్టడం అంటాం. ఎన్నేళ్లనుంచో అంటున్నాం, ఏనాడూ ఎవరికీ ఏమీ కాలేదు.

"జడ్జిగారి మెడ కోశావా?" అంది పిన్ని.

"కోశాను పిన్నీ. చేతులింకా ఊడదీయలేదు."

"లాయరమ్మ నడుము?"

"చీల్చేశాను. ముక్కలు బల్లకింద ఉన్నాయి."

"మన మందులాయన సంగతేమిటి? ఆయనకి మందు పెట్టావా?"

"పెట్టాను."

"ఇంకాస్త పెట్టు. పోయినసారి తక్కువైంది, సరిగ్గా పట్టలేదు."

"వాసన వస్తోందంటారేమో?"

"రానీ, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది. ఒకసారి పట్టిందంటే ఇంక జన్మలో ఢోకా లేదు. అన్నట్టు, వాళ్లక్కకి మాత్రం తెలియనీకు. ఆవిడ వేసిన ముడులన్నీ తెంపేశాను. పాపం, ఏం ముళ్లే అవి! ఊపిరాడకుండా బిగించేసింది. ఇప్పుడు హాయిగా కదులుతాడు."

ఆయన కోటు చంకలో అక్కగారు వేసిన అతుకు గురించి ఆ మాట. నిజంగానే ఘోరమైన అతుకు అది. కానీ కోట్ల వెనక నిలబడి వినేవాళ్లకి అది ఎలా వినబడుతుందో చెప్పక్కర్లేదు కదా. తెలుగు వచ్చిన ప్రతివాళ్లకీ తెలుసు, ఆడది మగవాడికి మందు పెట్టిందంటే ఏమిటో. తిండిలో ఏదో కలిపి పెడుతుంది, ఇక వాడు దాని కొంగు వదలడు, కన్నతల్లి కూడా పరాయిదైపోతుంది.

కోట్లు కదిలాయి. వాటి మధ్యనుంచి పొడుగాటి మనిషి, తెల్లటి జుట్టు, మెడలో కళ్లజోడు వేలాడుతూ బయటికి వచ్చింది.

"ఎవరండీ మీరు?" అన్నాను.

"వాళ్లక్కని" అంది. ఇంకొక్క మాట అనకుండా వీధిలోకి నడిచింది.

పిన్ని బల్లకింద లాయరమ్మ ముక్కల మధ్య కూర్చుండిపోయింది. ఆవిణ్ని బయటికి లాగడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆదివారం టీ కాచి పెట్టుకుని కూర్చున్నాం, ఎవరూ రాలేదు. సోమవారం పొద్దున్న మందులాయన వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. అక్క నిన్నంతా తనకి ఉప్పునీళ్లు తాగించి కక్కించిందని చెప్పాడు. "మందు దిగాలంది. లోపలున్నవన్నీ వచ్చేశాయండీ, ఇదొక్కటీ తప్ప" అని గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. నవ్వుదామనుకున్నాను గాని ఆయన కళ్లు చూసి మానుకున్నాను.

"కలరా ఉండలని చెప్పలేదా?" అంది పిన్ని.

"చెప్పబోయాను. అక్క నోరు తెరవనివ్వదు. నేను ఆవిడ మాట ఎప్పుడూ కాదనలేదండీ. ఎలా కాదంటారో కూడా నాకు తెలియదు."

"ఆవిడ వద్దంటే?"

ఆయన నీళ్లు నమిలాడు. పిన్ని "వెళ్లండి, షాపు తెరవాలి మీరు" అంది. ఆయన వెళ్లాక మిషను మీద తల పెట్టి ఏడ్చింది. వారం రోజులు ఏ పుస్తకమూ ముట్టుకోలేదు. పచ్చగుడ్డ తెచ్చినవాళ్లకి పచ్చగుడ్డే కుట్టి ఇచ్చింది. అంతకంటే దిగులు నేను చూడలేదు.

ఆ వారం చివర్లో అక్కగారు మళ్లీ వచ్చింది. ఈసారి తిన్నగా గుమ్మంలోంచి. చెల్లెల్ని చివాట్లు పెట్టడానికి వచ్చిన అమ్మ కూడా అక్కడే ఉంది.

"విరుగుడు ఇయ్యి" అంది అక్కగారు.

"వదినగారూ, అది..."

"నేనింకా నీకు వదినని కాలేదు. విరుగుడు ఇయ్యి."

పిన్ని కడ్డీ మీద కోటు జేబులోంచి మూట తీసి చూపించింది. కోట్ల సంగతి, పేర్ల సంగతి, చంకలో అతుకు సంగతి మొత్తం చెప్పింది. నేను తలూపాను. అమ్మ దేవుళ్లందరి మీదా ప్రమాణం చేసింది. అక్కగారు కదల్లేదు.

"కోటుకే పెట్టావనుకో. ఆ కోటు తొడుక్కునేది ఎవరు? మా వాడేగా. గుడ్డలోంచి ఒంట్లోకి ఎక్కదా?"

ఇక్కడ ఊరుకుంటే సరిపోయేది. కానీ పిన్ని మొహంలో వారం తర్వాత మొదటిసారి వెలుగు వచ్చింది. "ఎక్కుతుందండీ! విషం పట్టించిన బట్టలు తొడిగి చంపారని ఎన్ని పాతకథలున్నాయో! చేతి తొడుగులకి పూసేవారట..."

అమ్మ గోడకి తల ఆన్చింది.

"విన్నారుగా, తన నోటితోనే చెప్పింది" అంది అక్కగారు కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "సరే, అంత తెలిసినదానివి కదా, వాడికి పట్టింది ఏ మందో నువ్వే చెప్పు."

పిన్ని కళ్లు తుడుచుకుంది. సందేహం ఎదురుగా పెడితే ఆవిడ ఏడుపు కూడా వాయిదా వేసుకుంటుంది. "లక్షణాలు చెప్పండి."

"నిద్రపోడు. తెల్లారకముందే లేచి గడ్డం గీసుకుంటాడు."

"గోళ్లమీద అడ్డంగా తెల్లచారలున్నాయా?"

"లేవు."

"జుట్టు రాలుతోందా?"

"రాలడానికి అక్కడేముంది?"

"కళ్లలో నల్లగుడ్డు పెద్దదైందా? కొన్ని మొక్కల రసానికి అలా అవుతుంది."

"ఈ షాపు వైపు చూసినప్పుడల్లా అవుతోంది."

"ఆకలి ఎలా ఉంది?"

"కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. నిన్న కూరలో ఉప్పే వెయ్యలేదు నేను. బాగుందక్కా అన్నాడు."

"తనలో తను మాట్లాడుకుంటారా?"

"పాడతాడు. వాడి గొంతుకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు."

పిన్ని కత్తెర తీసి, మళ్లీ పెట్టేసింది. "ఇది పాషాణం కాదు. పాదరసమూ కాదు. నేను చదివిన దేంట్లోనూ లేదు." "కానీ ఆ పాట తప్ప మిగతావన్నీ నాకూ ఉన్నాయండీ."

"నీకూ ఉన్నాయా?"

"ఆయన గుండీ కోసుకుని వచ్చిన రోజునుంచీ. తిండి లేదు, నిద్ర లేదు. మీరు వద్దంటే ఊరుకుందామని వారం నుంచీ చూస్తున్నాను. ఊరుకోవడం నావల్ల కావట్లేదు."

అక్కగారు పిన్నిని పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపుకి ఎంతమంది హాస్టల్ పిల్లలు నిజాలు కక్కేశారో.

"అయితే నీకెవరు పెట్టారు మందు?" అంది.

పిన్ని తెల్లబోయింది.

"ఆలోచించవే, నువ్వు డిటెక్టివ్‌వి కదా. ఈ వీధిలో మందులన్నీ ఎవరి దగ్గరున్నాయి? అద్దాల బీరువాలనిండా, గోడలనిండా? మా వాడి దగ్గర. నీ దగ్గరేమున్నాయి, సుద్దముక్కలూ సూదులూ. తలనొప్పి అని వారానికి నాలుగుసార్లు ఎవరి చేత్తో మాత్రలు తీసుకుని మింగావు? వాడి చేత్తో. అంటే పెట్టింది నువ్వు కాదు. వాడు! నా పెంపకంలో పెరిగి, పరాయి ఆడపిల్లకి మందు పెడతాడా!"

ఆవిడ లేచింది. పిన్ని చెయ్యి పట్టుకుంది. టేపు మెడలో ఉండగానే పిన్నిని బరబరా వీధి దాటించింది. అమ్మా నేనూ వెనకాల పరుగు. మందుల షాపు ముందు ఎప్పట్లాగే జనం. అక్కగారు వాళ్లని పక్కకి తోసి బల్లమీద అరచెయ్యి వేసి కొట్టింది.

"ఒరేయ్! ఈ పిల్లకి నువ్వు మందు పెట్టావా, లేదా?"

జనం నోళ్లు తెరిచారు. దగ్గు మనిషి దగ్గడం మానేశాడు. మందులాయన చేతిలో ఎవరి తాలూకు మాత్రలో ఉన్నాయి. ఆయన వాళ్లక్కని చూశాడు, పిన్నిని చూశాడు. ఎప్పట్లా నీళ్లు నములుతాడని, అంతా అయిపోయిందని నేను కళ్లు మూసుకున్నాను. పిన్ని వేళ్లు నా జబ్బలోకి దిగిపోతున్నాయి.

"పెట్టానక్కా" అన్నాడు.

కళ్లు తెరిచాను. ఆయన మాత్రలు కింద పెట్టాడు. తెల్లకోటు సర్దుకున్నాడు. "కావాలనే పెట్టాను. విరుగుడు లేదు, ఉన్నా ఇవ్వను. ఆవిడ నాకు కావాలక్కా."

అక్కగారు బల్లమీదికి వంగిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకుని అమ్మ దగ్గరికి పోయింది. ఏడవడం లేదు, పడీపడీ నవ్వుతోంది. నవ్వీ నవ్వీ, చివరికి మెడలో వేలాడే కళ్లజోడుతో పాటు కళ్లు కూడా తుడుచుకుంది.

"కలరా ఉండల వాసన నాకు తెలియదుటే?" అంది పిన్నితో. "హాస్టల్లో పరుపులన్నిటికీ నేనే పెట్టేదాన్ని. మొదటిరోజు కంగారుపడ్డమాట నిజమే. ఇంటికెళ్లి, అంతకుముందు నువ్వు బాగుచేసి పంపిన వాడి ఉన్నిచొక్కా తీసి చూస్తే జేబులో నీ మూట ఉంది."

"తెలిసి... ఆ ఉప్పునీళ్లు?" అన్నాడు తమ్ముడు.

"ఏం చెయ్యమంటావురా! ఇంత వయసొచ్చింది, నాకిది కావాలక్కా అని ఏనాడైనా అడిగావా? నేను పెట్టింది తిన్నావు, నేను కొన్నది తొడిగావు. నేను తెచ్చిన ఉప్పునీళ్లు కూడా గుటగుటా తాగావు గాని, ఆవిడంటే ఇష్టం అని ఒక్క మాట అన్లేదు. రేపు ఈ అమ్మాయిని కూడా నేను పెట్టినట్టే తీసుకుంటావా అని భయమేసింది. నీ నోటితో అనిపించాలనుకున్నాను. అంతే."

మందులాయన బల్ల దాటి ఇవతలికి వచ్చి వాళ్లక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆవిడ ఒక చెయ్యి విడిపించుకుని పిన్నిని దగ్గరికి లాక్కుంది.

పిన్ని ఆవిడ వంక కన్నార్పకుండా చూస్తోంది. వారమంతా ఎదుటే ఉన్న నేరస్తురాలిని కనిపెట్టలేకపోయింది కదా, ఉక్రోషపడుతుందనుకున్నాను.

"వదినా," అంది చివరికి, ఒళ్లంతా పులకరించిపోతూ, "మీరు ఎంత దుర్మార్గులండీ!"